పైపు ఊడితే ఏమైతది?

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి మెట్టుగూడ మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగుతుంటే, మా తమ్ముడు ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. బీటెక్ ఫైనల్ ఇయర్. స్క్రీన్ మీద ఒక ఎక్సెల్ షీట్.

మొదటి వరుసలో టర్బో. రెండులో ఇంటర్‌కూలర్. తర్వాత ఈసీయూ, ఇంజెక్టర్లు, క్లచ్, బ్రేకులు, టైర్లు, అలాయ్ వీల్స్. ఒక్కోదాని పక్కన రేటు, ఎక్కడ దొరుకుతుంది, ఎవరిని అడగాలి... అన్నీ రాసుకున్నాడు. ఆఫీసులో మా ప్రాజెక్ట్ ప్లాన్ కూడా ఇంత నీట్‌గా ఉండదు. చివర్న పద్నాలుగో వరుసలో మాత్రం ఇట్లా ఉంది: "ఫ్యూయల్ పంప్, పైపులు – చూద్దాం."

"ఏందిరా ఈ చూద్దాం?" అన్నాను.

"అదేముందన్నా, 255 పంపు ఒకటి వేసేద్దాం. పైపులు రాణిగంజ్‌లో దొరుకుతయ్. మిగిలిన పైసలతోని అయిపోతది."

బండి గురించి చెప్పాలి. 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. ఆ రోజుల్లో 106 హార్స్‌పవర్ అంటే మామూలు విషయం కాదు. ఇప్పటికీ ఆ బండి కోసం వెతికేవాళ్లున్నారు. వీడు పాత బండి ఒకటి పట్టుకొచ్చి ఇంటి ముందు టార్పాలిన్ కప్పి పెట్టాడు. దానికి టర్బో బిగించి 180 హార్స్‌పవర్ తీయాలి, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో ట్రాక్ మీద నడపాలి. ఇదీ కల.

కల మీద నాకేం పేచీ లేదు. పద్నాలుగో వరుస మీదే. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు లెక్క చూద్దాం.

డబ్బా మీద అంకె, బండికి కావాల్సిన అంకె

"255" అంటే గంటకు 255 లీటర్లు పంపే పెట్రోల్ పంపు. బండ్లు మార్చేవాళ్ల లోకంలో ఆ అంకెకి పెద్ద ఫాలోయింగ్. ఎవరిని అడిగినా "255 వేసెయ్ బ్రో" అంటారు. ఎందుకు అంటే మాత్రం జవాబుండదు.

మరి మన బండికి ఎంత కావాలి? దీనికి మెకానికల్ డిగ్రీ అక్కర్లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. టర్బో ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఫుల్‌గా లాగుతున్నప్పుడు ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. టర్బో లేని ఇంజిన్ అయితే ఇంతకన్నా తక్కువే. టర్బో బండికి పెట్రోల్ కొంచెం ఎక్కువే పోస్తాం, లోపలి వేడి అదుపులో ఉండాలని.

180ని 270తో గుణిస్తే గంటకు 48.6 కిలోలు. లీటరు పెట్రోల్ ముప్పావు కిలో దాకా తూగుతుంది కాబట్టి దాదాపు 65 లీటర్లు.

ఇక్కడ మన కాలం సంగతి ఒకటుంది. ఇప్పుడు బంకులో పోసేది ఒట్టి పెట్రోల్ కాదు, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. మన దేశంలో దీని అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. రెండూ కలిసిన ఈ20కి సుమారు 13.5. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి, లీటర్లలో ఏడెనిమిది శాతం. 65 కాస్తా 70 అయింది.

దాని మీద పావు వంతు చేతిలో ఉంచుకోవాలి. పంపు పాతబడుతుంది, ఫిల్టర్‌లో మురికి చేరుతుంది, వోల్టేజీ పడుతుంది. మొత్తం కలిపితే సుమారు 90 లీటర్లు. నిమిషానికి లీటరున్నర.

"అంటే 255 వేస్తే మస్తు మిగుల్తది కదన్నా!" అన్నాడు తమ్ముడు ఖుషీగా.

ఆగరా నాయనా.

ఏ ప్రెషర్ దగ్గర?

పంపు ఎంత పంపుతుందన్నది ఎదురుగా ఎంత ఒత్తిడి ఉందన్నదాని మీద ఉంటుంది. మన ఇంటి మోటారే చూడండి. సంప్ పక్కన బకెట్‌లోకి వదిలితే ధార దబదబా పడుతుంది. అదే నీళ్లు మూడో అంతస్తు ట్యాంక్‌కి ఎక్కాలంటే సన్నబడుతుంది. మోటారు అదే, ఎత్తు మారింది.

ఇలాంటి బండిలో ఇంజెక్టర్ దగ్గర పెట్రోల్ ప్రెషర్ సుమారు 3 బార్ ఉంటుందనుకోండి. టర్బో 0.7 బార్ బూస్ట్ ఇస్తే, ఇంజెక్టర్ మూతి దగ్గర గాలి అంత బలంగా ఎదురు తంతుంది. కాబట్టి పెట్రోల్ ప్రెషర్ కూడా అంత పెరగాలి, 3.7. ఫిల్టర్, పైపుల్లో పోయేది కూడా కలుపుకుంటే 4 బార్ అనుకోండి. అంటే ఇంజిన్‌కి ఎక్కువ పెట్రోల్ కావాల్సిన క్షణంలోనే పంపుకి పని కష్టమవుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె ఏ ప్రెషర్ దగ్గరిదో చూడకుండా కొనడమంటే, ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసిన యాప్‌ని దసరా సేల్ రోజు లైవ్‌లో పెట్టడమే.

అందుకే మంచి పంపుతో పాటు ఒక గ్రాఫ్ ఇస్తారు. కింద ప్రెషర్, పక్కన లీటర్లు. 4 బార్ దగ్గర గీత పెట్టి చూసుకోవాలి. ఆ గ్రాఫ్ లేని పంపు ఎంత చవగ్గా వచ్చినా నేను ముట్టుకోను. పేరున్న పంపులకి ఆన్‌లైన్‌లో నకిలీలు కూడా తిరుగుతున్నాయి. రేటు సగానికి సగం ఉందంటే సంతోషం కాదు, అనుమానం రావాలి.

రెండో సంగతి వోల్టేజీ. గ్రాఫ్ సాధారణంగా 13.5 వోల్టుల దగ్గర గీస్తారు. మన బండి 2002ది. వెనక ట్యాంక్ దాకా పోయే తీగ చిన్న పంపు కోసం వేసింది, పైగా ఇరవై ఏళ్లు దాటింది. బ్యాటరీ దగ్గర 14 వోల్టులున్నా పంపు దగ్గరికి పదకొండున్నరే చేరొచ్చు. అప్పుడు గ్రాఫ్‌లో చూసిన లీటర్లు రావు. మల్టీమీటర్ పట్టుకుని, ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఫ్యాన్ అన్నీ వేసి, పంపు టెర్మినల్స్ దగ్గరే కొలవాలి. తక్కువుంటే బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలేతో కొత్త మందపాటి తీగ లాగాలి. పంపు మార్చేముందు ఈ తీగ మార్చితే సగం సమస్యలు పోతాయి.

పెద్దది వేస్తే పోయేదేముంది?

వీడి అసలు ప్రశ్న ఇదే. ఎక్కువున్నా తప్పేంటి అని.

ఇలాంటి పాతకాలం సిస్టమ్‌లో పంపు ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది. ఇంజిన్ తాగినంత తాగుతుంది, మిగిలింది రిటర్న్ పైపులోంచి ట్యాంక్‌కి వెనక్కి పోతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తాగేది చుక్కలు చుక్కలుగా. అంటే పంపిందంతా వెనక్కే. రిటర్న్ పైపు సన్నగా ఉంటే అంత పెట్రోల్ పట్టదు. రెగ్యులేటర్ తెరుచుకునే ఉన్నా ప్రెషర్ పైకి పాకుతుంది. ఐడిల్‌లో ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువై బండి మొరాయిస్తుంది. మనం ట్యూనింగ్ తప్పనుకుని ల్యాప్‌టాప్ ముందేసుకుని తల పట్టుకుంటాం.

ఇంకోటి వేడి. ఆ మిగులు పెట్రోల్ వేడెక్కిన ఇంజిన్ దాకా పోయి, ఆ వేడి మోసుకుని ట్యాంక్‌లోకి వస్తుంది. గంటలో ఎన్నోసార్లు. మే నెలలో తార్నాక చౌరస్తాలో మనకే ఆవిర్లు వస్తుంటాయి, పెట్రోల్‌కి రావా? పెట్రోల్ ఆవిరి బుడగలు పంపులోకి వచ్చాయంటే ప్రెషర్ పడిపోతుంది. పంపులు తోయడంలో గట్టివి, పీల్చడంలో నాసి. అందుకే పంపు ట్యాంక్ లోపల పెట్రోల్‌లో మునిగి ఉండటమే మేలు. దాన్ని చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. ట్యాంక్ ఎప్పుడూ రిజర్వ్‌లో ఉంచి తిరిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ట్రాక్ మీద మలుపుల్లో పెట్రోల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. ఆ ఒక్క క్షణం చాలు, ఫుల్ బూస్ట్‌లో పెట్రోల్ తగ్గి పిస్టన్ కరగడానికి. అందుకని ట్రాక్ బండికి ట్యాంక్‌లో అడ్డుగోడలో, పంపు చుట్టూ ఎప్పుడూ నిండి ఉండే చిన్న డబ్బానో ఉండాలి.

మొత్తానికి మా లెక్కలో తేలింది: గంటకు 190 లీటర్ల రకం పంపు, 4 బార్ దగ్గర గ్రాఫ్ చూసి తీసుకుంటే వీడికి ధారాళం. 255 అవసరం లేదు. తమ్ముడి ముఖం కొంచెం చిన్నబోయింది. వాట్సాప్ స్టేటస్‌కి ఆ అంకె బాగుండేది మరి.

రాణిగంజ్ పైపు

తర్వాత పైపులు. రాణిగంజ్ వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడ దొరకని పైపు లేదు. జేసీబీలకి వాడే హైడ్రాలిక్ హోస్ కావాల్సిన పొడవుకి కోసి, రెండు చివరలా ఫిట్టింగ్ క్రింప్ చేసి ఇస్తారు. తమ్ముడి వాదన సూటిగా ఉంది: "అన్నా, అది 200 బార్ తట్టుకుంటది. మనది 4 బార్. ఇంకేం గావాలె?"

వినడానికి లాజిక్ కరెక్టే. కానీ పైపు పగిలేది ఒత్తిడికి మాత్రమే కాదు. హైడ్రాలిక్ హోస్ లోపలి రబ్బరుని ఆయిల్ కోసం తయారు చేశారు. పెట్రోల్, అందులో ఇథనాల్, దానికి వేరే శత్రువులు. రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, లోపల పొరలు లేస్తాయి, ఆ తునకలు పోయి ఇంజెక్టర్‌లో ఇరుక్కుంటాయి. బయట స్టీల్ అల్లిక మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది. అది మెరిసే కొద్దీ లోపల ఏం జరుగుతోందో మనకి కనపడదు.

పెట్రోల్ పైపు మీద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, ఎస్ఏఈ జే30 అని. దాని పక్కన ఆర్7 అంటే కార్బురేటర్ బండ్లకి, తక్కువ ప్రెషర్‌కి. ఆర్9 అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి, 100 పీఎస్ఐ దాకా, అంటే దాదాపు 7 బార్. ఆర్10 అంటే ట్యాంక్ లోపల పెట్రోల్‌లో మునిగి ఉండేది. కొట్లో "పెట్రోల్ పైపు" అని అడిగితే చాలాసార్లు మొదటిదే చేతిలో పెడతారు. అడగాల్సింది కోడ్.

ఈ మూడింటిలో మన కుర్రాళ్లు మర్చిపోయేది చివరిది. ట్యాంక్ లోపల పంపుకీ మూతకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల పైపు ముక్క ఉంటుంది. పంపు మార్చినప్పుడు బయట వాడగా మిగిలిన ముక్కే అక్కడ కూడా తొడిగేస్తారు. మామూలు పైపు లోపలివైపు మాత్రమే పెట్రోల్‌ని తట్టుకుంటుంది, బయటి పొర కాదు. కొన్ని నెలల్లో అది ఉబ్బి చీలుతుంది. చీలిక ట్యాంక్ లోపలే కాబట్టి బయట చుక్క కారదు, వాసన రాదు. ప్రెషర్ మాత్రం పడిపోతుంది, అదీ ఫుల్ బూస్ట్‌లో. అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క ఇంజిన్ మొత్తాన్ని మింగుతుంది.

సైజు విషయంలో భయపడక్కర్లేదు. రేసింగ్ ఫిట్టింగులకి ఏఎన్ అని ఒక కొలత ఉంది. ఆర్మీ, నేవీ అనే మాటల నుంచి వచ్చిన పేరు. అంకె ఎంతో, అంగుళంలో అన్ని పదహారో వంతులు. 6 అంటే పదహారింట ఆరు, అంటే మూడు బై ఎనిమిది అంగుళాలు. 180 హార్స్‌పవర్‌కి అదే ఎక్కువ. 8, 10 అని పోతే అందం తప్ప ఒరిగేదేం లేదు. ఇంకో మాట, ఈ ఫిట్టింగుల మూతి 37 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఏసీ మెకానిక్‌ల దగ్గర రాగి పైపులకి ఉండేది 45. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బిగించినప్పుడు ఎక్కినట్టే ఉంటాయి, ఆనక కారతాయి.

నిజానికి బండి కింద కంపెనీ వేసిన స్టీలు పైపు తుప్పు పట్టకుండా ఉంటే దాన్ని అలాగే ఉంచేయొచ్చు. రెండు చివర్ల ఉన్న రబ్బరు ముక్కలు, ఫిల్టర్, క్లిప్పులు మార్చితే చాలు. క్లిప్పులంటే గుర్తొచ్చింది. గీతలు గీతలుగా ఉండి స్క్రూతో బిగించే మామూలు క్లిప్పు, బిగించే కొద్దీ రబ్బరులోకి దిగి కోస్తుంది. ఇంజెక్షన్ బండికి అంచులు మడిచిన నునుపైన పట్టీ క్లిప్పు వేరే ఉంటుంది, అదే వాడాలి. రేటులో తేడా పెద్దగా ఉండదు.

చిన్నాయన అడిగిన ప్రశ్న

ఈ లెక్కలన్నీ వేసుకుంటూ ఇంటికొచ్చాం. చిన్నాయన వరండాలో పేపర్ చదువుతున్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా కోచ్‌ల కింద దూరి బ్రేక్ పైపులు బిగించాడు. మా గొడవంతా విని, కళ్లజోడు తీసి ఒకటే మాట అడిగాడు.

"అంత మంచిగనే ఉంది గాని, పైపు ఊడితే ఏమైతది?"

"ఊడదు నాయినా, మంచి క్లిప్పు వేస్తున్నం" అన్నాడు తమ్ముడు.

"ఊడతదా ఊడదా అని అడగలే. ఊడితే ఏమైతదని అడిగిన."

తర్వాత రైలు సంగతి చెప్పాడు. రైలు పొడవునా ఒక బ్రేక్ పైపు ఉంటుంది. అందులో ఎప్పుడూ చదరపు సెంటీమీటరుకి 5 కిలోల గాలి ఒత్తిడి. ఆ ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు వదిలి ఉంటాయి. పైపు ఊడినా, పగిలినా, కోచ్‌లు విడిపోయినా గాలి పోతుంది, బ్రేకులు వాటంతటవే పడతాయి. డ్రైవర్ చూడక్కర్లేదు, ఎవరూ ఏ బటనూ నొక్కక్కర్లేదు. "పైపు ఊడినా బండి ఆగాలె. గట్ల కట్టిన్రు దాన్ని" అన్నాడు.

మేం రోజూ సిస్టమ్ డిజైన్ అని పెద్ద పెద్ద మాటలు మాట్లాడతాం. ఫెయిల్ సేఫ్ అనే ఆ రెండు ముక్కలు ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఒకవేళ చెప్పినా, విని ఉండాల్సిన రోజున నేను వినలేదు.

ఇప్పుడు పద్నాలుగో వరుస గురించి చెప్తాను.

థర్డ్ ఇయర్‌లో మా కాలేజీలో స్టూడెంట్ రేస్ కారు కట్టాం. కేటీఎం 390 ఇంజిన్, మేమే వెల్డింగ్ చేసిన ఫ్రేమ్. ఫార్ములా భారత్‌కి వెళ్లాలని ప్లాన్. అది జరిగేది కూడా ఆ కరి ట్రాక్‌లోనే. ఎలక్ట్రికల్స్ నా బాధ్యత. టెస్టింగ్‌కి ముందు రోజు రాత్రి ఈసీయూ మొండికేసింది, పంపు ఆన్ అవ్వట్లేదు. మామూలుగా అయితే కీ తిప్పగానే ఈసీయూ పంపుని రెండు సెకన్లు నడిపి ఆపేస్తుంది. ఇంజిన్ తిరుగుతోందని సిగ్నల్ వస్తేనే మళ్లీ నడుపుతుంది. ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. నేను ఆ తలనొప్పంతా ఎందుకని, బ్యాటరీ నుంచి పంపుకి నేరుగా తీగ లాగి మధ్యలో ఒక టాగుల్ స్విచ్ పెట్టాను. బయట ఉండే మాస్టర్ స్విచ్‌ని కూడా దాటించేశాను. "ఒక్కరోజుకే కదా" అనుకున్నాను. కోడ్‌లో "తర్వాత సరిచేద్దాం" అని కామెంట్ పెట్టే ప్రతివాడికీ ఆ మాట తెలుసు.

తెల్లారి గ్రౌండ్‌లో నాలుగో రౌండ్‌లో ఇంజెక్టర్ దగ్గర పైపు ఊడింది. క్లిప్పు అదే, గీతల క్లిప్పు. ప్రెషర్ పోయి ఇంజిన్ వెంటనే ఆగిపోయింది. పంపు ఆగలేదు. వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ పైపు మీద పెట్రోల్ పోస్తూనే ఉంది.

మంట ముందు చప్పుడుగా వినిపించింది, తర్వాత కనపడింది. నడుపుతున్నవాడు నా రూమ్మేట్. ఆ పోటీల్లో డ్రైవర్ ఐదు సెకన్లలో బయటికి రావాలన్న రూల్ ఉంది. దానికోసం వాడు హాస్టల్ కారిడార్‌లో నవ్వుతూ ప్రాక్టీస్ చేసేవాడు. ఆ ప్రాక్టీసే కాపాడింది. బయటికి దూకాడు, కుడి ముంజేయి మాత్రం కాలింది. ఎక్స్‌టింగ్విషర్‌తో ఆర్పితే మళ్లీ అంటుకుంది, ఎందుకంటే పంపు ఇంకా పోస్తోంది. స్విచ్ మంట వెనకాల ఉంది. చివరికి ఒక సీనియర్ బ్యాటరీ టెర్మినల్ పీకేదాకా అది ఆగలేదు.

మేం కోయంబత్తూరు వెళ్లలేదు. నా రూమ్మేట్ ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కాలే వేస్తాడు. నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. క్లిప్పు తప్పని అందరూ అన్నారు, నేనూ తలూపాను. టాగుల్ స్విచ్ సంగతి రిపోర్టులో ఒక్క లైను రాసి వదిలేశాను. కానీ క్లిప్పు ఊడినందుకు బండి ఆగాల్సింది, అంతే. కాలింది నేను లాగిన తీగ వల్ల.

ఇది మా తమ్ముడికి చెప్పడం ఆదివారమే మొదటిసారి.

కాబట్టి ఊడితే ఏం కావాలి?

గంటకు 255 లీటర్లంటే నిమిషానికి నాలుగు లీటర్ల పైమాటే. ఈసీయూని పక్కన పెట్టి కీ నుంచి నేరుగా రిలే వేసిన బండిలో యాక్సిడెంట్ అయి పైపు తెగితే, ఎవరో వచ్చి కీ తీసేదాకా ఆ పంపు నిమిషానికి నాలుగు లీటర్లు రోడ్డు మీద పోస్తూనే ఉంటుంది.

అందుకే పంపు రిలేని తప్పకుండా ఈసీయూనే నడపాలి. ఇంజిన్ తిరగడం ఆగితే పంపు ఆగాలి. రెండోది, గట్టిగా గుద్దుకుంటే దానంతట అదే తెగిపోయే ఇనర్షియా స్విచ్ ఒకటి ఆ తీగలో పెట్టాలి. మూడోది, పెట్రోల్ ప్రెషర్ సెన్సర్. ప్రెషర్ ఉండాల్సిన దానికన్నా తగ్గగానే ఈసీయూ బూస్ట్ కోసేసేలా రాసుకోవాలి. ఇది నాలుగు లైన్ల లాజిక్, ఇంజిన్‌ని కాపాడుతుంది. నాలుగోది, డ్రైవర్ చేతికందే దూరంలో పెట్రోల్ మంటలకి పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్. పైపులు క్యాబిన్‌లోంచి, ఎగ్జాస్ట్ పక్క నుంచి పోకూడదు.

బిగించాక నమ్మకం మీద వదలొద్దు, కొలవాలి. ఆరుబయట, చల్లని ఇంజిన్‌తో, పక్కన ఎక్స్‌టింగ్విషర్‌తో ఒక మనిషిని పెట్టుకుని, రిటర్న్ పైపుని పెట్రోల్ క్యాన్‌లో పెట్టి, రెగ్యులేటర్‌ని 3.7 బార్ దగ్గర ఉంచి, పంపుని సరిగ్గా ఒక నిమిషం నడపాలి. క్యాన్‌లో లీటరున్నర కన్నా ఎక్కువ రావాలి. డబ్బా మీద ఏం రాసుందో అప్పుడు అక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి ఇది ట్రాక్ బండి. కోయంబత్తూరుకి లారీ మీదే పోతుంది. సగం హైదరాబాద్ డ్రైవింగ్ నేర్చుకునేది ఓయూ క్యాంపస్ రోడ్ల మీదే. పొద్దున్నే ఎల్ బోర్డులు, వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు. "ఒక్క రౌండ్ అన్నా" అని అక్కడ బూస్ట్ చూపిస్తానంటే తాళంచెవి నా దగ్గరే ఉంటుందని తమ్ముడికి చెప్పేశాను.

టర్బో మాకెందుకు అనుకునేవాళ్లకి కూడా ఒక పని. మీ ఇంట్లో పాత బండి ఏదైనా, కారైనా బైకైనా, ఈ వారం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ పైపు మీద పొడి గుడ్డతో తుడిచి వాసన చూడండి. పైపుని కొంచెం వంచి చూడండి. పగుళ్లున్నా, గుడ్డకి పెట్రోల్ వాసన వచ్చినా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పైపు వేసిన రోజున బంకుల్లో ఈ20 లేదు.

చాయ్ రెండోసారి వచ్చేసరికి తమ్ముడు షీట్ మళ్లీ తెరిచాడు. పద్నాలుగో వరుస కట్ చేసి పైన పేస్ట్ చేశాడు. "చూద్దాం" తీసేసి పంపు, తీగ, పైపులు, క్లిప్పులు, ఇనర్షియా స్విచ్, ఎక్స్‌టింగ్విషర్ అని విడివిడిగా రాశాడు. క్లిప్పులన్నీ తానే బిగిస్తానని చిన్నాయన అప్పటికే లోపలికెళ్లి పాత టూల్ బాక్స్ వెతుకుతున్నాడు. మొత్తం కూడితే బడ్జెట్ దాటింది. తమ్ముడు కాసేపు ఫోన్ వైపు చూసి, అలాయ్ వీల్స్‌ని కిందికి లాగి, పద్నాలుగో వరుసలో పెట్టి పక్కన టైప్ చేశాడు.

"చూద్దాం."